మన దీవులకు ఒక డిటెక్టివ్ కావాలి

బాలానగర్ మెట్రో స్టేషన్‌లో ఎక్కి హైటెక్ సిటీకి వెళ్లాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి. ఉదయం తొమ్మిది గంటల రద్దీలో, ఆ కాస్త ప్రయాణం పొడవునా, పక్కవాళ్ల ఫోన్లలో ఏదో ఒక నేరం నడుస్తూనే ఉంటుంది. గోనెసంచిలో శవం, గోడ మీద నెత్తురు, చీకటి గదిలో ఇన్‌స్పెక్టర్. పక్క సీట్లో చిన్నపిల్ల ఉంటే స్క్రీన్ కాస్త అటు తిప్పుకుని మరీ చూస్తుంటారు. మిస్టరీ అంటే తెలుగువాళ్లకున్న మోజు ఏమాత్రం తగ్గలేదు. తగ్గిందల్లా, ఒకే మిస్టరీని ఇంట్లో పన్నెండేళ్ల మనవరాలు, డెబ్భై ఏళ్ల అమ్మమ్మ చేతులు మార్చుకుంటూ చదువుకునే వీలు.

ఆ వీలున్న రకం ఒకటి ప్రపంచంలో దాదాపు నూరేళ్లుగా వర్ధిల్లుతోంది. కోజీ మిస్టరీ అంటారు దాన్ని. అందులో హత్య జరుగుతుంది గానీ పాఠకుడి కళ్లెదుట జరగదు. కూపీ లాగేది తుపాకీ పట్టిన హీరో కాదు, ఊళ్లో అందరినీ ఎరిగిన ఒక మామూలు మనిషి. ఊరు చిన్నది. అనుమానితులంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఈ రకానికి దీవి అంటే మహా ఇష్టం. ఎందుకంటే దీవికి వచ్చేదారి, పోయేదారి లెక్కపెట్టి ఉంటాయి. నేరం జరిగాక బయటివాడెవడో చేసిపోయాడనడానికి వీల్లేదు.

అగాథా క్రిస్టీ 1964లో రాసిన ‘ఎ కరీబియన్ మిస్టరీ’లో మిస్ మార్పుల్ అనే వృద్ధురాలు జబ్బుపడి లేచి, ఎండకోసం ఒక దీవికి వెళ్తుంది. అక్కడ ఒక ముసలి మేజరు చెప్పిన కబుర్లే చెబుతూ అందరినీ విసిగిస్తుంటాడు. ఒకరోజు ఆమెకు ఒక హంతకుడి ఫొటో చూపిస్తానంటూ పర్సు తీసి, ఆమె భుజం మీదుగా ఎవరినో చూసి, గబుక్కున ఫొటో లోపల పెట్టేసి మాట మారుస్తాడు. మర్నాటికి అతను లేడు. తక్కినవాళ్లంతా ఆ ముసలాయన కబుర్లను పెడచెవిన పెట్టారు. అల్లిక పని చేసుకుంటూ ‘ఊఁ’ కొట్టిన మార్పుల్‌కే చిక్కుముడి కొస దొరికింది. మన ఊళ్లలో అరుగుల మీద, రేషన్ షాపు వరసల్లో, డ్వాక్రా మీటింగుల్లో ఇలా ఊఁ కొడుతూ వినే ఆడవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లలో ఒక్కరినైనా తెలుగు నవల డిటెక్టివ్‌ని చేసి నిలబెట్టిందా అంటే, చెప్పుకోదగ్గ పేరు ఒక్కటీ నోటికి రాదు.

తెలుగులో డిటెక్టివ్ సాహిత్యం కొత్తదేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే పాంచ్‌కడి దేవ్ బెంగాలీ అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి వచ్చి ఊరూరా చదివించుకున్నాయి. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజుని సృష్టించి ఒక తరాన్ని రాత్రుళ్లు నిద్రపోనివ్వలేదు. ఆరుద్ర అంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. వాటిలో ఒకదాని పేరు ‘పలకల వెండిగ్లాసు’. ఇంట్లో అలమరలో ఉండే వస్తువు పేరుతో ఒక అపరాధ పరిశోధన! ఆ దారిలో ఇంకొంచెం ముందుకు నడిచి ఉంటే మన ఇళ్ల, మన వీధుల మిస్టరీ అప్పుడే ఒక సంప్రదాయంగా స్థిరపడేది. కానీ పాఠకుల మోజు యుగంధర్ మద్రాసు మీదుగా మధుబాబు షాడో వైపు మళ్లింది. షాడో దేశదేశాలు తిరిగే గూఢచారి. ఆ వేగం, ఆ సాహసం ఎంతోమంది కుర్రాళ్లకు చదవడమే అలవాటు చేశాయి, ఆ మేలు మరువరానిది. అయితే ఆ జోరులో మన పల్లె, మన రేవు, మన సందు కథకు అక్కర్లేనివైపోయాయి.

మల్లాది వెంకట కృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ ఒక్కటి ఈ వరసలో వేరుగా నిలుస్తుంది. 1986లో జంధ్యాల దాన్ని చిరంజీవితో సినిమాగా తీశారు. అందులోని పాండురంగారావు చిన్న చిన్న కేసులు పట్టుకుని తిరిగే డిటెక్టివ్. ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు, ఇప్పటికీ టీవీలో వస్తే చూస్తున్నారు. ముప్పైమూడేళ్లకు, 2019లో, ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరులో ఒక డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. పెద్ద హీరో లేడు, పెద్ద బడ్జెట్ లేదు. నెల్లూరు వీధులు, రైలు పట్టాలు, అక్కడి మాట ఉన్నాయి. సినిమా ఆడింది. మరోవైపు 2020లో మొదలైన ‘హిట్’ వరస చూడండి. మొదటిది ఒక అమ్మాయి కనిపించకుండా పోవడం మీద నడిచిన పరిశోధన. 2025లో మూడోది వచ్చేసరికి అది పెద్దలకు మాత్రమే సర్టిఫికెట్‌తో విడుదలైంది. పరిశ్రమ ఎటు పోతోందో చెప్పడానికి ఈ ఒక్క వరస చాలు.

పుస్తకం మాత్రం అటే పోవాల్సిన పనిలేదు. పుస్తకానికి సెట్టింగు ఖర్చు లేదు. దీవి కావాలంటే కరీబియన్ దాకా వెళ్లక్కర్లేదు.

కృష్ణా నది సముద్రంలో కలిసేచోట, నాగాయలంక మండలంలో, ఎదురుమొండి ఉంది. ఏటిమొగ రేవు నుంచి పంటు మీద దాటాలి. మనుషులు, మోటారు సైకిళ్లు, రొయ్యల మేత బస్తాలు, పెళ్లికి వెళ్లే చుట్టాలు, అన్నీ ఆ పంటు మీదే. ఆ కిందుగా ఈలచెట్లదిబ్బ ఉంది, దానికి పడవే గతి. చుట్టూ మడ అడవులు, వాటిలో చేపలు పట్టి తినే బావురుపిల్లి. పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఉంది, తడ మండలం భీములవారిపాలెం నుంచి పడవెక్కాలి. కాకినాడ తీరానికి ఎదురుగా గోదావరి మేట వేసిన ఇసుకతో ఏర్పడి, ఓడరేవుకు అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి పాయల నడుమ కోనసీమ లంకలైతే చెప్పనే అక్కర్లేదు, వరద వచ్చినన్నాళ్లూ ప్రతి లంకా ఒక దీవే.

పత్రికల్లో ఈ ఊళ్ల పేర్లు ఎప్పుడు కనిపిస్తాయి? తుపాను వచ్చినప్పుడు, వరద ముంచినప్పుడు, పడవ తిరగబడినప్పుడు. 1977 నవంబరు 19న ఉప్పెన ఎదురుమొండి ఉన్న దివిసీమను ఊడ్చేసింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ దుఃఖాన్ని ఎవరూ మరువకూడదు. కానీ ఆ ఉప్పెన తర్వాత అక్కడ రెండు తరాలు పుట్టి పెరిగాయి, చెరువులు తవ్వాయి, పిల్లల్ని చదివించాయి. వాళ్లలో ఎందరో ఇవాళ బాలానగర్, మూసాపేట, కూకట్‌పల్లి చుట్టుపక్కల ఉంటున్నారు. సంక్రాంతికి ఊరెళ్లే బస్సుల కోసం రోడ్డు పక్కన సూట్‌కేసులతో నిలబడేది వాళ్లే. తమ ఊరు శవాల లెక్కగా కాకుండా, చమత్కారం, పంతాలు, వంటలు, గుట్టుమట్లు ఉన్న ఊరుగా ఒక నవలలో కనబడితే మొదట కొనేదీ వాళ్లే.

ఒక దీవి కథకు ఎంత సరుకు ఇస్తుందో చూడాలంటే పోటు, పాటు సంగతి ఒక్కటి చాలు. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తీస్తుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ ఉదయం ఆరింటికి పోటు వస్తే, రేపు ఆరూ యాభై ప్రాంతానికి వస్తుంది. అమావాస్యకు, పున్నానికి పోటు బలంగా ఉంటుంది. అష్టమి, నవమి రోజుల్లో నీళ్లు పెద్దగా ఎక్కవు, పెద్దగా తియ్యవు. వేటకు వెళ్లేవాళ్లకు ఇది పుస్తకం చూసి నేర్చుకునే విషయం కాదు, తిథి చెబితే నీళ్లెక్కడుంటాయో చెప్పేస్తారు.

ఇప్పుడు ఒక మనిషి పోలీసులతో ఇలా చెప్పాడనుకోండి: “ఆ రాత్రి పదింటికి నేను మడ అడవి పాయలోంచి పడవేసుకుని మా బావగారింటికి వెళ్లానండి.” అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఎస్సై రాసుకుంటాడు. బావగారు కూడా నిజమేనంటాడు. రిటైరైన పంతులమ్మ ఒకావిడ గోడ మీది క్యాలెండరు చూసి, ఆ రోజు అష్టమి కదా అనుకుంటుంది. అష్టమి నాడు ఆ చిన్న పాయలోకి పడవ తేలేంత నీళ్లు రావు, మోకాలి లోతు బురద తప్ప. రక్తపు మరక లేదు, వేలిముద్ర లేదు, ఫోన్ టవర్ లేదు. ఒక తిథి అబద్ధాన్ని పట్టుకుంది. లండన్‌లో కూర్చున్న రచయితకు ఈ ఎత్తు తట్టదు, హైదరాబాద్‌లో కూర్చున్నవారికీ తట్టదు. రేవులో నాలుగు రోజులు కూర్చుని వినాలి.

రొయ్యల చెరువు దగ్గరికి వెళ్తే సరుకు ఇంకా ఉంది. వెనామీ రొయ్య 2009లో అనుమతి పొంది వచ్చాక కోస్తా బతుకే మారిపోయింది. రొయ్యను కౌంటు లెక్కన కొంటారు. కిలోకు వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. చీటీ మీద ఒక్క అంకె మార్చితే లక్షలు చేతులు మారతాయి. రాత్రిపూట చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లారుజామున మరీ ప్రమాదం. అందుకే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోతే కాపలా మనిషి పరుగెత్తి జనరేటర్ వేయాలి. వేయకపోతే తెల్లారేసరికి సరుకంతా తేలిపోతుంది. ఏరియేటర్ల, జనరేటర్ల చప్పుడు చుట్టుపక్కల అందరి చెవులకూ అలవాటే. కాబట్టి ఒక రాత్రి అది ఆగితే ఎవరో ఒకరికి మెలకువ వస్తుంది. “మూడింటికి జనరేటర్ ఆగిందమ్మా, మళ్లీ అరగంటకి వేశారు” అని పొద్దున నీళ్లబిందె దగ్గర ఒకామె అంటుంది. ఆ అరగంటలో ఏం జరిగిందన్నదే నవల.

మరి డిటెక్టివ్ ఎవరు? పంతులమ్మ సరే. అంతకంటే బాగా పనికొచ్చే మనిషి ఒకరున్నారు: పొదుపు సంఘం పుస్తకం రాసే ఆమె. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎవరు రెండు కిస్తీలు ఎగ్గొట్టారు, ఎవరు కూతురి పెళ్లని చెప్పి డబ్బు తీసుకుని భర్త తాగుడికి పోగొట్టుకున్నారు, అన్నీ ఆమెకు తెలుసు. ఆమె నోరు విప్పదు, అదే ఆమె పరపతి. ఒకరోజు మూడేళ్లుగా మొండిబాకీగా ఉన్న మనిషి వచ్చి మొత్తం ఒక్కసారే కట్టేస్తుంది. రసీదు రాస్తూ ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. నేరాల్లో డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందన్నది పోలీసులు నెలల తరబడి తవ్వే ప్రశ్న. ఈమెకు అది గళ్ల పుస్తకంలో మూడో నిలువు వరస.

ఇలాంటి మనుషులతో నవలలు రాసి మెప్పించినవాళ్లు ఉన్నారు. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో బోట్స్‌వానా నేపథ్యంగా ఒక మహిళా డిటెక్టివ్ కథ మొదలుపెట్టారు. ఆమె పేరు ప్రెషస్ రామోత్స్వే. తండ్రి వదిలిపోయిన పశువులను అమ్మి డిటెక్టివ్ ఆఫీసు తెరుస్తుంది. పశువే ఆస్తి, పశువే పరువు అయిన సమాజం మొత్తం ఆ ఒక్క అమ్మకంలో కనబడుతుంది. 2020లో రిచర్డ్ ఆస్మన్ నలుగురు వృద్ధులను డిటెక్టివ్‌లుగా పెట్టి ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’ రాస్తే బ్రిటన్ ఎగబడి కొంది. బీబీసీ 2011 నుంచి ‘డెత్ ఇన్ పారడైజ్’ నడుపుతోంది. లేని దీవికి సెయింట్ మరీ అని పేరు పెట్టి, గ్వాడెలూప్‌లో షూటింగ్ చేసి, ఏటేటా కొత్త హత్యలతో ప్రేక్షకులను కట్టిపడేస్తోంది. అక్కడి సముద్రం కంటే బంగాళాఖాతం ఏం తక్కువ?

తెలుగువాళ్లకు పరాయి దీవులు కూడా కొన్ని సొంతమే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అందులో ఎన్నో. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, ఇప్పటి శ్రీ విజయపురానికి, ఓడ రెండు రోజులకు పైగా ప్రయాణిస్తుంది. ఆ రెండు రోజులూ ఎవరూ దిగిపోవడానికి వీల్లేదు. ఇంతకంటే మంచి మిస్టరీ వేదిక ఉంటుందా? మారిషస్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి వంటి రేవుల నుంచి చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇవాళ్టికీ ఉగాదిని ప్రభుత్వ సెలవుగా జరుపుకుంటున్నారు. ఆ దీవిలో ముత్తాత పెట్టె ఒకటి తెరిస్తే బయటపడే కాగితంతో ఎన్ని కథలైనా మొదలవుతాయి.

ఒక అభ్యంతరం ఉంది, దానికి జవాబు చెప్పాల్సిందే. హత్యను ఇంత తేలిగ్గా, టీ తాగుతూ చదువుకునే వ్యవహారంగా మార్చడం తప్పు కాదా అని కొందరు అడుగుతారు. మంచి కోజీ నవలలో జరిగేది తేలిక చేయడం కాదు. చనిపోయినవాడికి అక్కడ పేరుంటుంది, అతని బాకీలు, అలకలు, ఇష్టమైన కూర, అన్నీ ఊరికి తెలుసు. అతను లేని లోటు రెండో అధ్యాయం నుంచే తగులుతుంది. సంచిలో ముక్కలుగా దొరికే శవానికి ఈ గౌరవం దక్కదు. అక్కడ కెమెరా గాయం మీద ఆగుతుంది, మనిషి మీద ఆగదు.

ఇంకో ప్రమాదం దీనికంటే పెద్దది. చిన్న ఊరు అనగానే అంతా మంచివాళ్లే, అంతా చుట్టరికాలే అన్నట్టు రాయడం. లంకల్లో కులం ఉంది. ఎవరు ఏ గట్టు మీద నడవాలి, ఎవరి పడవ ముందు కట్టాలి అన్న పట్టింపులు ఉన్నాయి. ఏదైనా పోతే ముందుగా యానాదుల గుడిసెల వైపు చూసే పాడు అలవాటు ఈ తీరమంతా ఉంది. 1871లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలకు కులాలనే పుట్టుదొంగలుగా ముద్రవేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ ముద్ర చట్టంలోంచి తీసేశారు. మనసుల్లోంచి తీయలేదు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం రాకముందు నుంచీ ఉన్నది యానాదులే. ఆ అడవి, ఆ సరస్సు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇలాంటి చోట ఒక మిస్టరీ నవల నిజాయితీగా రాస్తే, మూడో పేజీలోనే ఊరంతా వేలెత్తి చూపిన పీతలు పట్టే కుర్రాడు నిర్దోషి అని ఆధారాలతో తేలాలి. అతన్ని ఎవరూ అడగకుండా వదిలేసిన ఒక్క ప్రశ్నకు అతని దగ్గరే జవాబు ఉండాలి. వాడుక ఏం చెప్పినా సాక్ష్యం చెప్పిందే చెల్లుతుందన్న నియమం ఈ ప్రక్రియలోనే ఉంది. తెలుగు సమాజానికి ఈ రకం నవల అవసరమని గట్టిగా వాదించడానికి ఇది ఒక్కటే చాలిన కారణం.

చదివేవాళ్లు లేరన్న మాట పక్కన పెట్టవచ్చు. ప్రతిలిపి యాప్‌లో సీరియళ్లు చదువుతున్నారు, దాసుభాషితంలో ఆడియో పుస్తకాలు వింటున్నారు, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వెళ్తే నడవడానికి చోటుండదు.

నిజానికి బాలానగర్‌లోనే ఇలాంటి కథ ఒకటి దాగి ఉంది. 1961లో ఏర్పడిన మందుల సంస్థ ఐడీపీఎల్, 1968లో వచ్చిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, విమానాల సంస్థ హెచ్ఏఎల్, వాటి చుట్టూ పెరిగిన వందలాది చిన్న వర్క్‌షాపులు. ముప్పై ఏళ్లు లేత్ మీద నిలబడ్డ టర్నర్ చేతికి ఒక బోల్టు ఇస్తే, దాని మీది గీతలు చూసి, కోసిన టూలు మొద్దుబారిందో, మిషన్ స్పిండిల్ అరిగిందో చెప్పగలడు. ఒక హత్యాస్థలంలో దొరికిన చిన్న ఇనుప ముక్క ఏ షెడ్డులో తయారైందో కనిపెట్టడానికి ఫోరెన్సిక్ ల్యాబ్ కంటే ముందు అతని కళ్లు సరిపోతాయి. ఐడీపీఎల్ మంచి రోజుల్లో కాలనీల వీధి చివర కనిపించే అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి నవల కోసం వంతులేసుకున్న తరం ఇంకా ఇక్కడే రిటైరై ఉంది. వాళ్ల పిల్లలు, మనవలు హైటెక్ సిటీలో పనిచేస్తూ ఆస్మన్‌ని ఇంగ్లిష్‌లో చదువుతున్నారు.

వీళ్లందరికీ ఒక తెలుగు పుస్తకం అందించడానికి కావలసిన ఏర్పాటు మన దగ్గర ఉంది. నవలల పోటీలు రచయితల చేత ఏం చేయించగలవో 2019లో అమెరికాలోని తెలుగు సంఘం తానా పెట్టిన పోటీలో బహుమతి గెలిచిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ చూపించింది. గొర్రెల కాపరుల పని, అడవి, కరువు, వాళ్ల మాట, అన్నీ దగ్గరగా ఎరిగిన రచయిత మాత్రమే రాయగల నవల అది. రెండేళ్లకు సినిమా కూడా అయింది. అమెరికా తెలుగు సంఘాలు ఒక ఏడాది పోటీని మిస్టరీ నవలకే కేటాయించాలి. షరతులు సూటిగా ఉండొచ్చు: కథ ఆంధ్ర, తెలంగాణల్లో గానీ తెలుగువాళ్లున్న దీవుల్లో గానీ జరగాలి, పరిశోధించే మనిషి పోలీసు కాకూడదు, ఆధారాలన్నీ పాఠకుడి కళ్ల ముందే ఉంచాలి, పన్నెండేళ్ల పిల్ల చేతికి ఇవ్వగలగాలి. బహుమతి సొమ్ములో సగం ముందే ఇచ్చి, ఎంపికైన ముగ్గురు నలుగురిని నెలరోజులు ఎదురుమొండిలోనో ఇరకంలోనో ఉండి రమ్మంటే మరీ మంచిది. ప్రచురణకర్తలు ఆ పుస్తకాలను దాచుకోదగ్గ అట్టతో కాకుండా, బ్యాగులో పట్టే సైజులో, రెండు వందల రూపాయల లోపు ధరకు వేయాలి. మొదటి ప్రతులు నాగాయలంక, తడ, కాకినాడ శాఖా గ్రంథాలయాలకు వెళ్లాలి. అక్కడ తప్పులు పట్టేవాళ్లు ఉంటారు. పోటు సమయం పది నిమిషాలు తేడా వచ్చినా ఊరుకోరు. రెండో ముద్రణలో వాళ్లు చెప్పినవన్నీ దిద్దుకోవాలి.